మాట్లాడే కంప్యూటర్లు వచ్చిన ఏడాది

కోమ్ అల్-తీన్
అక్టోబరు 12, 2008

వదాద్ అక్కకి ఇన్‌సాఫ్ సలాములు.

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు రాయలేదని తిట్టుకుని ఉంటావు. కారణం వింటే నువ్వే నవ్వుతావు. మా అంధుల బడికి కంప్యూటర్లు వచ్చాయి. ఆరు. మాట్లాడేవి.

కైరో నుంచి ఒక సేవాసంస్థ వాళ్ళు వ్యానులో తెచ్చి, రెండు రోజులు ఉండి, బిగించి వెళ్ళారు. మీట నొక్కితే ఏ అక్షరం నొక్కామో చెప్తుంది. పాఠం తెరిస్తే మొదటి నుంచి చివరిదాకా చదివేస్తుంది. గొంతు మాత్రం ముక్కు దిబ్బడ పట్టిన రేడియో అనౌన్సరుది. పిల్లలు దానికి జలుబు మామ అని పేరు పెట్టారు. మనం బడిలో ఉన్న రోజుల్లో బ్రెయిలీ చరిత్ర పుస్తకం నాలుగు సంపుటాలు, ఒక్కోటి దిండంత ఉండేది, గుర్తుందా? వీళ్ళు దాన్ని వేలెడంత వస్తువులో పెట్టి జేబులో వేసుకుంటున్నారు.

సబ్రీన్ అని ఒక పిల్ల ఉంది. చెరకు పొలాల మధ్య ఊరు వాళ్ళది. పదిహేనేళ్ళు. ఈ విద్యాసంవత్సరం చివర సర్టిఫికెట్ పరీక్ష. మూడో రోజుకే మీటలన్నీ కంఠతా పట్టేసింది. నిరుడు పరీక్షలో ఈమె చెప్తుంటే రాయడానికి కూర్చోబెట్టిన మనిషి సగం తన సొంత తెలివి రాశాడు, మార్కులు పోయాయి. అందుకని తన టీచరునని నా దగ్గరికి వచ్చి, "అబ్లా, ఈసారి నా తప్పులు నేనే చేసుకుంటాను. ఆ యంత్రం మీద రాయనివ్వమని అడగండి" అంది. అడుగుతాను.

పెద్ద తరగతులకు బ్రెయిలీ చుక్కల చదువు గంటలు తీసేశారు. ఆ సమయం కంప్యూటర్లకి ఇచ్చారు. పాపం నీ చుక్కలకి ముసలితనం వచ్చేసింది అక్కా. కోప్పడకు.

ఇన్‌సాఫ్

*

అలెగ్జాండ్రియా
నవంబరు 3, 2008

ఇన్‌సాఫ్‌కి,

జలుబు మామకి నా సలాములు చెప్పు. అల్లం కషాయం తాగమను.

నేను సంతోషించలేదనుకోకు. అలాంటి యంత్రం మనకి ఉండుంటే నేను వకీలునై ఉండేదాన్ని, నువ్వు ఇంకా వాగుడుకాయవై ఉండేదానివి. మా అచ్చుశాలలోనూ దాని గొడవే. చుక్కల పుస్తకాలు కావాలని అడిగే బళ్ళు తగ్గిపోయాయి. మా మేనేజరు ఉస్తాద్ మున్జిర్ మొన్న నా బల్ల దగ్గరికి వచ్చి, "ఇరవై ఆరేళ్ళ నుంచీ ప్రూఫుల్లో తప్పులు వెతుకుతున్నారు. వేళ్ళకి కాస్త విశ్రాంతి ఇవ్వండి సిత్ వదాద్" అన్నాడు. "నా వేళ్ళు అడగలేదు ఉస్తాద్, మీరెందుకు అడుగుతున్నారు?" అన్నాను. నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

నాకు రెండు సంగతులు చెప్పు. ఒకటి: ఆ సబ్రీన్ పుస్తకాన్ని వేళ్ళతో ఎంత వేగంగా చదువుతుంది? చెవితో మాత్రమే చదివిన పిల్లకి మాట తెలుస్తుంది గానీ మాటలో ఏ అక్షరం ఉందో తెలియదు. రెండోది: గంటలు "తీసేశారు" అని రాశావు. ఎవరు తీసేశారు?

ఫోను చేయొద్దు. ఫోనులో నువ్వు అన్నీ బాగున్నాయనే చెప్తావు.

వదాద్

*

కోమ్ అల్-తీన్
జనవరి 18, 2009

అక్కా,

నీ ప్రశ్నలు పక్కన పెట్టు. ముందు ఇది విను.

డిసెంబరు నుంచి సబ్రీన్ యంత్రం గొంతు పెంచుతూ వచ్చింది. హెడ్‌ఫోన్లలోంచి జలుబు మామ అరుపులు పక్క గదికి వినిపించేవి. మిగతా పిల్లలు గోల పెట్టారు. తగ్గించమంటే తగ్గించేది, పది నిమిషాలకి మళ్ళీ పెంచేది. పిలిస్తే పలికేది కాదు. తెలివైన పిల్లలకి వచ్చే పొగరు అనుకున్నాను. ఒకరోజు అందరి ముందూ హెడ్‌ఫోన్లు లాక్కుని, వారం పాటు ఆ గదిలోకి రావద్దన్నాను. సబ్రీన్ లేచింది. తలుపు దాకా వెళ్ళి, "అబ్లా, వారం అన్నారా, నెల అన్నారా?" అని అడిగింది. వెక్కిరిస్తోందని ఇంకా కోప్పడ్డాను.

మర్నాడు వాళ్ళమ్మ వచ్చింది. బడి ఆయా బహీజ చెయ్యి పట్టుకుని ఆఫీసులోకి తెస్తుంటేనే ఏడుపు మొదలుపెట్టింది. "దీనికీ మొదలైంది అబ్లా" అంది. ఏం మొదలైందంటే అప్పుడు చెప్పింది. సబ్రీన్‌కి ఒక అక్క ఉంది, హుదా. ఇరవై నాలుగేళ్ళు. ఆమెకీ పుట్టుకతో చూపు లేదు. పదహారో ఏట చెవులు పోవడం మొదలై ఏడాదిలో పూర్తిగా పోయాయి. అప్పటి నుంచి ఇంటి వసారాలో కూర్చుని ఉంటుంది. రొట్టె చేతికిస్తే తింటుంది. బడికి పంపలేదు కాబట్టి అక్షరం రాదు. ఆమెతో మాట్లాడి ఎనిమిదేళ్ళయింది. "మాట్లాడటమా? ఎలా మాట్లాడతామమ్మా?" అంది ఆ తల్లి.

సొహాగ్‌లో చెవుల డాక్టరుకి చూపించాం. ఎడమ చెవి సగం పైగా పోయింది. కుడిది దాని వెనకే వెళ్తోంది. మందు లేదన్నాడు. ఎంతకాలం అంటే, "ఏడాది అనుకోండి, ఇంకా తక్కువే అనుకుంటే మంచిది" అన్నాడు. సబ్రీన్ పక్కనే ఉంది. "ఏమన్నారు?" అని అడిగింది. బహీజ నా కన్నా ముందే, "చెవిలో గుబిలి ఉందట" అనేసింది. నేను దిద్దలేదు.

ఇన్‌సాఫ్

*

అలెగ్జాండ్రియా
జనవరి 30, 2009

ఇన్‌సాఫ్,

వెంటనే చుక్కలకి రా. రేపటి నుంచి కాదు, ఈ ఉత్తరం అందిన పూట నుంచి.

యంత్రం గురించి విచారించాను. కంప్యూటరు చదివే మాటల్ని వేళ్ళ కింద చుక్కలుగా లేపే పలక ఒకటి ఉందట. విదేశాల్లో దొరుకుతుంది. కైరోలో ఉన్నది ఒకటే, విశ్వవిద్యాలయంలో, తాళం వేసిన గదిలో. మీకు కంప్యూటర్లిచ్చిన వాళ్ళని అడుగు. ఏమంటారో నాకు తెలుసు, అయినా అడుగు.

అది వచ్చేదాకా నీకో యంత్రం ఉంది, నీ చేతుల్లోనే. అబ్లా జకియ్య క్లాసులో బల్ల కింద మనం ఎలా మాట్లాడుకునేవాళ్ళం? నీ ఎడమ చేతి మూడు వేళ్ళు, కుడి చేతి మూడు వేళ్ళు, ఆరు చుక్కలు. ఏ అక్షరానికి ఏ చుక్కలో ఆ వేళ్ళ మీద తట్టడమే. ఆవిడ ఏడాదంతా మనం బుద్ధిమంతులం అనుకుంది. చెవులు ఉండగానే నేర్పు. పోయాక నేర్పాలంటే, ఏం నేర్పుతున్నావో కూడా చెప్పలేవు.

డాక్టరు మాట పిల్లకి చెప్పు. గుబిలి అట. దాని చెవులు, దానికి తెలియాలి.

నా మొదటి ప్రశ్నకి జవాబు ఇంకా రాలేదు. దాని వేళ్ళు ఎంత వేగంగా చదువుతాయి?

వదాద్

*

కోమ్ అల్-తీన్
మార్చి 2, 2009

అక్కా,

నెల రోజులు చుక్కలు గుచ్చే సూది పట్టుకోలేకపోయాను. ఇప్పుడు అన్నీ రాస్తాను, మధ్యలో ఆపకుండా చదువు.

చదవలేదు. సబ్రీన్‌కి వేళ్ళతో చదవడం రాదు. ఒక్కో అక్షరం తడిమి తడిమి మాట కూడబలుక్కుంటుంది. ఒక పేజీకి గంట. చిన్న తరగతుల్లో నేర్చుకున్నది మర్చిపోయింది. కంప్యూటర్లు ఈ ఏడే వచ్చాయి గానీ మూడేళ్ళ నుంచీ మేం పాఠాలన్నీ క్యాసెట్ల మీదే చెప్తున్నాం. పిల్లలకి సులువు. నాకూ సులువు.

గంటలు తీసేశారు అని రాశాను. తీసేసింది నేను. సేవాసంస్థ వాళ్ళు, కంప్యూటర్లు పెట్టాలంటే గది కావాలి, సమయం కావాలి, మీ అభిప్రాయం విద్యాశాఖకి రాసివ్వండి అన్నారు. పెద్ద పిల్లలకి చుక్కల చదువు ఇక అవసరం లేదని రాసి, వేలిముద్ర కాదు, సంతకం పెట్టాను. చూపున్నవాళ్ళ సంతకం పెట్టడం నాకొచ్చునని ఆ రోజు గర్వపడ్డాను కూడా. నువ్వు ఆరేళ్ళ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని వేలు పట్టుకుని నేర్పిన అక్షరాలు అవి. అవసరం లేదని రాశాను.

ఆ గది నిండా ఉన్న చుక్కల పుస్తకాలు చిత్తు కాగితాల వాడికి తూకానికి ఇచ్చేశాం. సబ్రీన్ సంగతి తెలిశాక ఒక్కటైనా మిగిలిందేమోనని వెతికించాను. లేదు. కిందటి వారం బహీజ బజారు నుంచి తామియా వడలు తెచ్చింది. పొట్లం విప్పుతుంటే కాగితం మందంగా తగిలింది. నూనెతో తడిసి మెత్తబడిన చుక్కలు. వ్యాకరణం, రెండో సంపుటం. ఇంకా చదవడానికి వచ్చింది అక్కా. క్రియాపదాల పట్టిక. వడలు తినలేకపోయాను. "చల్లారిపోతున్నాయి, ఏడ్చేదేదో తిన్నాక ఏడవండి" అని బహీజ కసిరింది.

పలక గురించి సేవాసంస్థకి ఫోను చేశాను. "ఒక్క పిల్ల కోసమా?" అంది ఆ అమ్మాయి, చాలా మర్యాదగా.

ఇప్పుడు రోజూ బడి అయ్యాక సబ్రీన్‌తో కూర్చుంటున్నాను. నిజం చెప్పాను, డాక్టరు మాట. "హుదాలాగా అవుతానా?" అంది. కాదన్నాను. నాకెలా తెలుసు?

కానీ, "మా తరగతికి చుక్కలు ఎందుకు ఆపేశారు అబ్లా?" అని అడిగితే మాత్రం, "పైవాళ్ళు" అన్నాను.

పుస్తకాలు పంపు. ఏవైనా సరే.

ఇన్‌సాఫ్

*

అలెగ్జాండ్రియా
మార్చి 21, 2009

ఇన్‌సాఫ్,

నిన్ను ఏమనాలో తెలియక నాలుగు కాగితాలు పాడుచేశాను. ఇది ఐదోది.

భూగోళం, మొదటి సంపుటం, పోస్టులో వేశాను. అచ్చుశాలలో మిగిలిన ప్రతి. రెండోది తర్వాత వస్తుంది. రోజుకి రెండు పేజీలకి తగ్గనివ్వకు.

క్షమించానని రాయమంటావని తెలుసు. అడగాల్సింది నన్ను కాదు.

వదాద్

*

కోమ్ అల్-తీన్
జూన్ 14, 2009

అక్కా,

పుస్తకం ఏప్రిల్ మొదట్లో అందింది. మొదటి పేజీ మీద చెయ్యి పెట్టగానే తెలిసింది. అచ్చు యంత్రం కాగితానికి రెండువైపులా గుచ్చుతుంది. ఇందులో ఒకవైపే ఉన్నాయి. పైగా చుక్కలు ఒకచోట లోతుగా, ఒకచోట తేలికగా. పేజీ చివరికి వచ్చేసరికి చెయ్యి అలిసిపోయినట్టు తెలుస్తోంది. నూట నలభై పేజీలు. ఎవరు గుచ్చారు?

సబ్రీన్ సంగతి. ఏప్రిల్‌లో బాగా పట్టుకుంది. పేజీకి గంట పట్టేది ఇరవై నిమిషాలకి వచ్చింది. వేళ్ళ మీద తట్టే మాటలు ఇంకా తొందరగా వచ్చాయి, ఆటలాగా. ఒకరోజు క్లాసులో లెక్కల మాస్టారు చెప్తుంటే నా చెయ్యి లాక్కుని, "ఈయన చెప్పేది నాకు వినబడట్లేదు, అదృష్టం" అని తట్టింది. నవ్వు ఆపుకోలేక బయటికి వచ్చేశాను. ఆ ఒక్క నెలా నేను బాగా నిద్రపోయాను.

మే రెండో వారంలో జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు. లేచేసరికి కుడి చెవి కూడా లేదు. డాక్టరు ఇస్తానన్న ఏడాది రానే లేదు.

పరీక్షకి తీసుకెళ్ళాను. యంత్రం మీద రాయడానికి అనుమతి రాదని మాకు ముందే చెప్పేశారు. పోనీ, ప్రశ్నాపత్రం చుక్కల్లో ఇవ్వండి అన్నాను. "ఇప్పుడు ఎవరూ అడగట్లేదు కదా మేడమ్, అచ్చు వేయించడం మానేశాం. మీ బడే అవసరం లేదని రాసింది" అన్నాడు అక్కడి అధికారి. కాగితం తీసి చదివి వినిపించాడు. నా వాక్యాలు నాకే. రాసిపెట్టే మనిషి మొదటి ప్రశ్నని సబ్రీన్ చెవిలో అరిచాడు. రెండోసారి ఇంకా గట్టిగా అరిచాడు. హాల్లో మిగతా పిల్లలు విసుక్కున్నారు. నేను పక్కన కూర్చుని వేళ్ళ మీద తడతానంటే, జవాబులు చెప్తానేమోనని ఒప్పుకోలేదు. ఇరవై నిమిషాలకి బయటికి పంపేశారు. బెంచీ మీద నా పక్కన కూర్చుని, తనకి తెలియకుండానే గట్టిగా, "నేనింకా ఏమీ రాయలేదు కదా" అంది. వరండా అంతా వినిపించింది.

మా బడి రూల్సులో చెవిటి పిల్లలు లేరు. చెవిటి పిల్లల బడికి వెళ్ళి అడిగాను. అక్కడి హెడ్‌మిస్ట్రెస్ మంచి మనిషి, టీ ఇచ్చింది. "మా పిల్లలు చేతుల సైగలు కళ్ళతో చూసి చదువుతారమ్మా. ఈ పిల్లకి నేనెవర్ని పెట్టను?" అంది. నిన్న తండ్రి ఖలఫ్ వచ్చి ఇంటికి తీసుకెళ్ళాడు.

ఇన్‌సాఫ్

*

అలెగ్జాండ్రియా
జూన్ 29, 2009

చెల్లీ,

అచ్చుశాల జనవరిలోనే మూసేశారు. యంత్రాన్ని ఇనప సామాను కింద తీసుకుపోయారు. నీకు రాస్తే, నీ కంప్యూటర్ల మీద కోపంతో అంటున్నాననుకుంటావని రాయలేదు. తర్వాత, నా గోడు వినే స్థితిలో నువ్వు లేవు.

పుస్తకం నేనే గుచ్చాను. మా అన్న కూతురు పాఠం చదువుతుంది, నేను గుచ్చుతాను. దానికి విసుగొస్తే మధ్యలో సముద్రాలు ఎగరగొట్టేస్తుంది, పట్టుకుని తిడతాను. రెండో సంపుటం తొంభై పేజీలైంది. బొటనవేలు వాచింది, అందుకే ఆలస్యం.

నువ్వు వారం వారం వెళ్ళు. ఇంకెవరికీ ఆ భాష రాదు. నువ్వూ నేనూ తప్ప ఆ పిల్లతో మాట్లాడగలిగిన మనిషి ఈ దేశంలో లేడు, నేనేమో ఇక్కడున్నాను.

ఇంకొకటి. ఆ సంతకం సంగతి దానికి చెప్పు. వేరే ఎవరి దగ్గరా వినే అవకాశం దానికి లేదు. అలాంటి మనిషి దగ్గర దాచడం మామూలు దాపరికం కాదు.

వదాద్

*

కోమ్ అల్-తీన్
అక్టోబరు 25, 2009

అక్కా,

రెండో సంపుటం ఆగస్టులో చేరింది, సబ్రీన్ చేతికిచ్చాను. తర్వాత నీకు రాయలేదు. రాయడానికి మంచి మాట ఒకటైనా దొరుకుతుందేమోనని చూశాను.

జూలై నుంచి ప్రతి శుక్రవారం వెళ్ళాను. బహీజ నేను పికప్ ట్రక్కు వెనక కూర్చుని గంటన్నర. ఇంట్లోకి అడుగుపెట్టి తన చేతి మీద చెయ్యి వేయగానే సబ్రీన్ రెండు అరచేతులూ నా ముందు పరిచేది, వేళ్ళు విప్పి. వారం రోజుల ప్రశ్నలు ఒకదాని మీద ఒకటి. ఎవరు పాసయ్యారు, కంప్యూటరు గదిలో తన కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారు, అమ్మ మంగళవారం ఎందుకు ఏడ్చింది, భుజాలు ఊగడం తెలిసింది, ఎవరైనా చనిపోయారా? ఇంట్లోవాళ్ళని అడిగి చెప్పేదాన్ని. వాళ్ళ మేనత్త చనిపోయింది అక్కా. తలుపు అవతలి గదిలో. నాలుగు రోజుల తర్వాత నేను చెప్తే తెలిసింది ఆ పిల్లకి.

సంతకం సంగతి చెప్పాను. మూడో శుక్రవారం. నా వేళ్ళు ఎన్నిసార్లు తప్పాయో. అంతా అయ్యాక తను చేతులు వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. చేతులు తీసేసుకుంటే ఇక నాకు ఏ దారీ లేదు, తెలుసు కదా నీకు. తర్వాత నా చెయ్యి వెతుక్కుని, "జలుబు మామ అంటే నాకూ ఇష్టమే అబ్లా" అని తట్టింది. అంతకు మించి ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

హుదాకి నేర్పాలని చూసింది. అక్క చేతిలో రొట్టె పెట్టి, వేళ్ళ మీద రొట్టె అని తట్టేది. పది రోజులు, ప్రతి పూటా. హుదా మొదట ఓర్చుకుంది, తర్వాత చెయ్యి విదిలించింది, చివరికి చెంప మీద కొట్టింది. ఎనిమిదేళ్ళ తర్వాత ఎవరో వేళ్ళు పొడుస్తుంటే ఆమెకేం అర్థమవుతుంది? తల్లికి నేర్పాలని నేను చూశాను. "నా పేరే నాకు రాయడం రాదమ్మా" అంది. అయినా మూడు మాటలు పట్టుకుంది: తిను, రా, పడుకో. ఆ మూడూ భుజం మీద తట్టి చెప్పినా సరిపోయేవే.

సెప్టెంబరు చివర ఖలఫ్ నన్ను వసారాలో కూర్చోబెట్టాడు. "టీ తాగండి అబ్లా. తాగాక ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి" అన్నాడు. తాగాను.

"మీరొచ్చిన పూట దాని మొహం వేరు. మీరు వెళ్ళాక మూడు రోజులు రొట్టె ముట్టదు. గేటు దగ్గర కూర్చుంటుంది. ఆ తర్వాత మూడు రోజులు మీకోసం ఎదురుచూస్తుంది. పక్కన హుదా ఉంది చూడండి. దానికి ఎవరూ రారని తెలుసు. ఏడవదు."

"సబ్రీన్ కూడా హుదాలా అయిపోవాలా?" అన్నాను.

"ఏడవకుండా ఉండాలి. అంతకన్నా మా చేతుల్లో ఏముందో మీరే చెప్పండి. వారంలో ఒక్క రోజు మీరు. మిగిలిన ఆరు రోజులూ మేం."

"నేను తీసుకెళ్ళి నా దగ్గర పెట్టుకుంటాను."

"మీరు బడికి వెళ్తారు. అప్పుడు? మీకూ వయసొస్తుంది. అప్పుడు?" అతని గొంతులో కోపం లేదు. ఉంటే దెబ్బలాడేదాన్ని. "నేను దాని మంచికే అంటున్నాను అబ్లా. అలవాటు పడనివ్వండి."

పిల్లని అడుగుదాం అన్నాను. "అడిగితే రమ్మనే అంటుంది. అందుకే అడగొద్దంటున్నాను" అన్నాడు. ఆ రోజు వచ్చేస్తూ తన చేతి మీద, వచ్చే శుక్రవారం అని తట్టాను. వెళ్ళే ప్రతిసారీ అలాగే తట్టేదాన్ని.

మూడు శుక్రవారాలు వెళ్ళలేదు. అతని మాటకి జవాబు వెతుక్కుంటూ కూర్చున్నాను. మొన్న ఉండబట్టలేక వెళ్ళాను. గేటు వేసి ఉంది. బహీజ కొడితే ఖలఫ్ లోపలి నుంచే, "దయచేసి వెళ్ళండి అబ్లా. నాలుగు రోజుల నుంచే సరిగ్గా తింటోంది" అన్నాడు.

అప్పుడు సబ్రీన్ గొంతు వినిపించింది. గోడకి ఆనుకునే కూర్చుని ఉన్నట్టుంది, అంత దగ్గరగా. పైకి చదువుతోంది, నువ్వు గుచ్చిన పుస్తకం. తన గొంతు తనకి వినబడదు కాబట్టి ఎత్తుపల్లాలు లేవు, గాలుల పేర్లు, సముద్రాల పేర్లు అన్నీ ఒకే అరుపు. ఎక్కడా తడుముకోవట్లేదు అక్కా. నువ్వడిగావు కదా ఎంత వేగంగా చదువుతుందని. నీలా చదువుతోంది.

చివరి పేజీ దాకా వచ్చింది. కాస్త ఆగింది. కాగితాలు వెనక్కి తిప్పిన చప్పుడు. మళ్ళీ మొదటి పాఠం మొదటి మాట నుంచి మొదలుపెట్టింది.

నేను పేరు పెట్టి పిలిచాను. పిలిస్తే వినబడదని తెలిసీ పిలిచాను. గోడ మీద అరచెయ్యి పెట్టి కొట్టాను. మట్టి గోడ, మందంగా ఉంది. బహీజ నా మోచెయ్యి పట్టుకుని, "పదండి, బండి వెళ్ళిపోతుంది" అంది.

మేం పొలాలు దాటి రోడ్డు ఎక్కేదాకా ఆ చదువు వినిపిస్తూనే ఉంది.

ఇన్‌సాఫ్